సందులో ఎవరూ ఉండరు

నా వ్యాను రెండు తలుపుల మీదా నా పేరు కింద ఒక నంబరు ఉంటుంది. సీఏసీ అని మూడక్షరాలు, ఆ తర్వాత కొన్ని అంకెలు. ఫ్లోరిడా రాష్ట్రం నాకిచ్చిన ఏసీ కాంట్రాక్టరు లైసెన్సు నంబరు అది. వ్యాను మీదే కాదు, విజిటింగ్ కార్డు మీదా, ఎస్టిమేటు కాగితం మీదా, పేపర్లో వేసే అరంగుళం ప్రకటనలోనూ ఉండాల్సిందే. మొదట్లో దాన్ని చూసుకుని మురిసిపోయేవాణ్ణి. ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చిన రోజు కూడా అంత సంతోషం కలగలేదు. ఇప్పుడు ఆ నంబరు కనపడితే మురిపెం కంటే ఒక సందేహం ముందొస్తోంది. ఇది ఎవరు చదవాలని రాసినట్టు? నన్ను పనికి పిలిచేవాళ్ళకి నా ఫోన్ నంబరు చాలు కదా.

నేనుండేది కీ వెస్ట్‌లో. ఫ్లోరిడా కింది కొస నుంచి సముద్రంలోకి తోకలా సాగిన దీవుల వరస ఉంటుంది, రోడ్డు ఆగిపోయే చివరి దీవి మాది. మయామీ నుంచి వంతెన తర్వాత వంతెన దాటుకుంటూ 160 మైళ్ళు. క్యూబా మాత్రం 90 మైళ్ళే. ఊరు పొడవు నాలుగు మైళ్ళు, వెడల్పు చాలాచోట్ల మైలూ మైలున్నర. తాగే నీళ్ళు మెయిన్‌లాండ్ నుంచి పైపులో వస్తాయి, కరెంటు అటునుంచే తీగల మీద వస్తుంది, బియ్యమూ మందులూ కంప్రెసర్లూ లారీల్లో వస్తాయి. మా ఆవిడ నర్సు. 2013లో ఇక్కడి ఆస్పత్రిలో తనకి ఉద్యోగమొస్తే, తన గ్రీన్‌కార్డు వెంట నేనూ వచ్చాను. బెజవాడలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఇక్కడ ఏసీ పనివాళ్ళ దగ్గర హెల్పరుగా చేరాను. ఈ ముక్క మా నాన్న చుట్టాలకి చెప్పరు. "మావాడు అక్కడ కూలింగ్ సిస్టమ్స్‌లో ఉన్నాడు" అంటారు. అబద్ధం కాదు. అబద్ధం కాని మాట వెనక ఎంత దాచొచ్చో ముందుముందు నా గురించే చెప్పాలి కాబట్టి నాన్నని ఏమీ అనను.

బెజవాడ ఎండలు తిన్నవాడికి ఏ వేడైనా లెక్కా అని వచ్చిన కొత్తలో అనుకున్నా. ఇక్కడ ఎండాకాలంలో కూడా 35 డిగ్రీలు దాటడం అరుదు. కానీ రాత్రికి కూడా 27, 28 కంటే దిగదు, గాలి నిండా తడి. చిన్నప్పుడు మా ఇంట్లో కిటికీలకి వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళం, తర్వాత కూలర్ వచ్చింది. నీరు ఆవిరవుతూ వేడిని తనతో తీసుకుపోతుందన్న ఒక్క ఆసరా మీద నడిచే విద్యలవి. ఇక్కడి గాలికి ఇంకో చుక్క తాగే దాహం లేదు. కూలర్ పెడితే గది ఇడ్లీ పాత్ర అవుతుంది. ఒంటి మీద చెమటా అంతే, కారుతుంది గానీ ఆరదు.

అందుకని ఏసీ. దాని గురించి జనంలో ఉన్న పెద్ద అపోహ, అది చల్లదనాన్ని తయారు చేస్తుందని. అది తయారు చేసేదేమీ లేదు. లోపలి వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది, అంతే. మేం వాడే 'టన్ను' అనే మాట మంచుగడ్డల కాలం నాటిది. ఒక టన్ను మంచు ఇరవై నాలుగు గంటల్లో కరుగుతూ ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత, గంటకి 12,000 బీటీయూ. మూడు టన్నుల మెషీను ఇంట్లోంచి గంటకి 36,000 తోడితే బయట దాదాపు 45,000 పోస్తుంది. ఎక్కువైన తొమ్మిది వేలు మోతకూలి, కంప్రెసరు తిన్న కరెంటు వేడిగా మారింది. ఏ కంపెనీ మెషీను కొన్నా, ఎంత ఖరీదు పెట్టినా లోపల తగ్గినదానికంటే బయట పెరిగిందే ఎక్కువ. ఇల్లు ఊడ్చి చెత్తని వీధిలోకి నెట్టేవాళ్ళని చూసి మనం విసుక్కుంటాం గానీ, వాళ్ళు కనీసం ఉన్న చెత్తే నెడతారు.

పెద్ద ఊళ్ళో 'బయట' అనే మాటకి ముఖం ఉండదు. అరిజోనాలోని ఫీనిక్స్ మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనం, ఏసీలు వదిలే వేడి వల్ల రాత్రి ఉష్ణోగ్రత కొన్నిచోట్ల ఒక డిగ్రీకి పైగా పెరుగుతోందని లెక్క తేల్చింది. పెరిగింది ఎవరి రాత్రో ఎవరికీ తెలియదు. మా దీవిలో సముద్రపు గాలి ఊరి వేడిని ఊడ్చుకుపోతుంది కాబట్టి ఊరి సంగతి అలా ఉంచుదాం. సందుల సంగతి వేరు.

నాకు లైసెన్సు వచ్చింది 2019లో. నాది 'బి' తరగతి, 25 టన్నుల దాకా ఏ సిస్టమైనా పెట్టొచ్చు. అదే ఏడు వేసవిలో పాత ఊళ్ళో ఒక ఇంటి పని దొరికింది. యజమాని వేరే రాష్ట్రంలో ఉంటాడు, ఆ ఇంటిని వారాల లెక్కన టూరిస్టులకి అద్దెకిస్తాడు. పాత ఊళ్ళో ఇళ్ళు చాలావరకు చెక్క ఇళ్ళు. దిమ్మెల మీద నేలకి కాస్త ఎత్తులో ఉంటాయి, పైన రేకు కప్పు, ఎత్తైన గదులు, కిటికీలకి చెక్క రెక్కల తలుపులు. పంతొమ్మిదో శతాబ్దంలో క్యూబా నుంచి చుట్టలు చుట్టే కార్మికులు వేలల్లో ఇక్కడికొచ్చారు. వాళ్ళ కోసం కట్టిన చిన్న ఇళ్ళు ఒకదాని భుజం ఒకటి పట్టుకున్నట్టుంటాయి. తూర్పు గాలి ఒక కిటికీలోంచి వచ్చి ఇంకో కిటికీలోంచి పోవాలి, ఇంటి ప్లానంతా ఆ గాలి కోసమే.

మేం పని చేసిన ఇంటి పక్కది అలాంటిదే. అందులో ఎనభై దాటిన ఆవిడ ఒక్కతే ఉంటుంది. వాళ్ళ తాత చుట్టల కార్మికుడు. ఇంట్లో ఏసీ లేదు. మంచం తూర్పు కిటికీని ఆనుకుని ఉంటుంది, ఆ సంగతి నేను మొదటిరోజే చూశాను, కిటికీ తెరిచే ఉంది కాబట్టి. మేం కొలతలు తీస్తుంటే అందులోంచే "మిహో, మంచినీళ్ళు కావాలా" అని అడిగింది. మిహో అంటే స్పానిష్‌లో నాయనా అని.

అవుట్‌డోర్ యూనిట్ పెట్టడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి పెరట్లో, కొలను వెనక. అక్కడికైతే రాగి పైపు ఇంకో నలభై అడుగులు లాగాలి, పరిచిన టైల్సు కొన్ని పగలగొట్టి మళ్ళీ వేయాలి, 2,800 డాలర్లు ఎక్కువ. రెండోది రెండిళ్ళ మధ్య సందు. సందు ఇరుకు కాబట్టి పైకి కాకుండా పక్కకి ఊదే రకం యూనిట్ తీసుకున్నాం. పైగా తుపాను ఉప్పెనల ఊరు గనక, వరద మట్టం కంటే ఎత్తులో యూనిట్ ఉండాలన్నది ఇక్కడి నిబంధన, స్టాండు మీదకి ఎక్కించాలి. నీళ్ళ నుంచి మెషీన్ని కాపాడే ఆ ఎత్తు సరిగ్గా ఆవిడ కిటికీ ఎత్తు.

యజమానికి ఫోన్ చేసి రెండు ధరలూ చెప్పాను. ఆయన ఒకటే అడిగాడు.

"ఆ సందులో ఎవరైనా ఉంటారా?"

"సందులో ఎవరూ ఉండరు" అన్నాను.

సందులో నిజంగానే ఎవరూ ఉండరు. చెత్త డబ్బాలు, ఒక పాత సైకిలు, తొండలూ. నేను కొత్తగా లైసెన్సు తెచ్చుకున్నవాణ్ణి, వ్యాను అప్పు మీద ఉంది, ఇంకో ఇద్దరు కాంట్రాక్టర్లు అదే పనికి ఎస్టిమేట్లిచ్చారు, వాళ్ళు పెరటి మాటే ఎత్తలేదు. ఇవన్నీ నిజాలే. పర్మిట్ తీసుకున్నాం, దూరాలన్నీ నియమం ప్రకారమే ఉన్నాయి, ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెట్టి వెళ్ళాడు. ఆగస్టులో ఫిల్టరు కడగడానికి వెళ్ళినప్పుడు చూస్తే పక్కింటి తూర్పు కిటికీ మూసి ఉంది. యూనిట్ ముందు చెయ్యి పెట్టి చూశాను. హెయిర్ డ్రయ్యరంత కాదు గానీ, లారీ రేడియేటరు పక్కన నిలబడ్డట్టుంది. ఆవిడ ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేసినా చెల్లదు, అక్కడ తప్పేమీ జరగలేదు.

ఇక్కడ కాస్త పక్కకెళ్ళి లైసెన్సు గురించి చెప్పాలి. లైసెన్సంటే పనితనానికి ముద్ర అని చాలామంది అనుకుంటారు. కాదు. నాకు పని నేర్పిన మేస్త్రి క్యూబా నుంచి వచ్చినవాడు, నాకంటే పదిరెట్లు పనిమంతుడు. కంప్రెసరు శబ్దం విని లోపం చెప్పగలడు. ఆయనకి లైసెన్సు లేదు. ఇంగ్లీషు పరీక్ష, ఇన్సూరెన్సు, అప్పుల చరిత్ర, ఇవన్నీ కావాలి. ఈరోజు ఆయన నా నంబరు కింద పని చేస్తాడు. ఏదైనా ఇల్లు కాలితే, గ్యాసు లీకైతే రాష్ట్రం పట్టుకునేది నన్ను. నైపుణ్యం ఆయనది, జవాబు చెప్పుకోవాల్సింది నేను. తుపాను ఎమర్జెన్సీ ప్రకటించి ఉన్న రోజుల్లో లైసెన్సు లేకుండా కాంట్రాక్టు పట్టడం ఈ రాష్ట్రంలో జైలుకెళ్ళే నేరం. ఆయన రెంచీ పట్టినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

మరి జవాబు ఎవరికి చెప్పుకోవాలి? కస్టమరుకైతే లైసెన్సు అక్కర్లేదు, పని నచ్చకపోతే అతను డబ్బులివ్వడు, ఊరంతా చెబుతాడు. అతని చేతిలో ఆ పట్టు ఉంది. లైసెన్సు ఆ పట్టు లేనివాళ్ళ కోసం అని నాకు గ్యాసు దగ్గర అర్థమైంది. నేను హెల్పరుగా చేరినప్పుడు పాత మెషీన్లలో ఆర్-22 ఉండేది. ఓజోన్ పొరని తినే గ్యాసు. 1987 మాంట్రియల్ ఒప్పందం దాకా వెనక్కి వెళ్ళే కథ అది, అమెరికాలో దాని తయారీ, దిగుమతి 2020 జనవరి నుంచి ఆగిపోయాయి. పాత మెషీను తీసేటప్పుడు అందులో గ్యాసుని రికవరీ మెషీనుతో సిలిండర్లోకి లాగాలి. ముప్పావుగంట పని, ఎండలో. వాల్వు తెరిచి గాల్లోకి వదిలేస్తే రెండు నిమిషాలు. ఒక బుస్సుమన్న చప్పుడు, కొంచెం నూనె వాసన, అంతే. పట్టుబడితే రోజుకి పదుల వేల డాలర్ల జరిమానా ఉంది. పట్టుకునేవాళ్ళని మాత్రం నేనింతవరకూ చూడలేదు.

నేను వదిలాను. రెండుసార్లు. అప్పుడు పనిచేసిన చోట రోజుకి నాలుగిళ్ళు ముగించాలని ఒత్తిడి, "గాలి తీసుకుపోతుందిలే" అనేవాళ్ళు. మూడోసారి మేస్త్రి చూసి నా చేతిలోంచి రెంచీ లాక్కున్నాడు. చట్టం గురించి ఒక్క మాటా అనలేదు. క్యూబాలో పాత ఫ్రిజ్‌లోంచి గ్యాసు తీసి సీసాలో ముత్యాల్లా దాచుకునేవాళ్ళమని, ఉన్నది పారబోసేవాణ్ణి తను మెకానిక్ అనడని అన్నాడు. నాకు పరీక్షలో వచ్చిన మార్కులకీ ఆయన కోపానికీ మధ్య తేడా ఏమిటో చాలా కాలం ఆలోచించాను. ఆయనకి గ్యాసు విలువ తెలుసు. నాకు దాని జరిమానా తెలుసు.

ఆర్-22 తర్వాత వచ్చిన ఆర్-410ఏ ఓజోన్‌కి హాని చేయదు, కానీ కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే కిలోకి కిలో 2,088 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. ఆ సందులో నేను పెట్టిన యూనిట్‌లో ఉన్నది అదే, సుమారు మూడున్నర కిలోలు. మొత్తం లీకైతే ఏడు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అందుకే దాని మీద ఇన్ని నియమాలు. నాకు విచిత్రంగా తోచేది ఇదే. ఇరవై మైళ్ళ ఎత్తున ఉన్న ఓజోన్ పొరకి నా మీద హక్కుంది. ఎప్పుడో పుట్టబోయేవాళ్ళకి, వాళ్ళకింకా పేర్లు కూడా లేవు, నా మీద హక్కుంది. వాళ్ళ తరఫున ప్రభుత్వం నా చేత పరీక్ష రాయించింది, సిలిండరు మోయిస్తోంది. నాలుగైదు అడుగుల దూరంలో కిటికీ పక్కన పడుకున్న మనిషికి లేదు. ఆవిడకి నేను మంచినీళ్ళ గ్లాసు బాకీ తప్ప చట్టప్రకారం ఏమీ బాకీ లేను.

ఇదంతా మా ఆవిడతో ఒకసారి చెప్పుకొస్తుంటే మధ్యలో ఆపింది. "నువ్వు ఏసీని తిడుతూ ఏదైనా రాస్తే మాత్రం నేను చదవను" అంది. తను వార్డులో చూస్తుంది, వేడికి మనిషి లోపల ఒక్కొక్క అవయవం ఎలా చేతులెత్తేస్తుందో. తిట్టే ఉద్దేశం నాకూ లేదు. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణల్లో వడదెబ్బకి రెండు వేలమందికి పైగా పోయారు, ఎక్కువగా కూలీలూ ముసలివాళ్ళూ. ఆ నెలంతా నేను ఇక్కడ ఎవరెవరి ఇళ్ళో చల్లబరుస్తూ, రాత్రిళ్ళు నాన్నకి ఫోన్ చేసి కూలర్‌లో నీళ్ళు పోశారా అని అడిగేవాణ్ణి. అమెరికాలో అతి వేడి రోజుల మరణాలు ఇరవయ్యో శతాబ్దంలో 75 శాతం దాకా తగ్గాయని, దానికి ప్రధాన కారణం ఇళ్ళలోకి ఏసీ రావడమేనని ఆర్థికవేత్తల అధ్యయనం ఒకటి చెబుతోంది. చల్లబరిచే యంత్రాల కథలో తొలి పేజీల్లో ఉన్నది కూడా ఒక డాక్టరే. ఇదే ఫ్లోరిడాలో అపలాచికోలా అనే రేవు ఊళ్ళో జాన్ గోరీ జ్వరం రోగుల గదులు చల్లబరచాలని మంచు చేసే యంత్రం కట్టి 1851లో పేటెంటు తీసుకున్నాడు, దానికి పెట్టుబడి దొరక్క 1855లో చితికిపోయి చనిపోయాడు. 1902లో కారియర్ చేసిన మెషీను మాత్రం మనుషుల కోసం కాదు, బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకి కాగితం ఉబ్బకుండా. పేరు ఆయనకే వచ్చింది.

చల్లదనం మందు అయినప్పుడు కూడా 'బయట' ఎక్కడన్నది వదలదు. 2017 సెప్టెంబరు 10న ఇర్మా తుపాను మా దీవుల్లో ఒకటైన కడ్జో కీ దగ్గర తీరం దాటింది. మమ్మల్ని ముందే ఖాళీ చేయించారు. అదే తుపానుకి మయామీ పైన హాలీవుడ్ అనే ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌లో ఏసీకి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు పోయింది. లైట్లున్నాయి, ఏసీ లేదు. వీధికి అవతల ఏసీ ఉన్న పెద్ద ఆస్పత్రి ఉంది. మూడు రోజుల వేడి తర్వాత పన్నెండుమంది చనిపోయారు. ఆ మూడు రోజులూ అక్కడివాళ్ళు ఊరికే లేరు. చిన్న చిన్న పోర్టబుల్ కూలింగ్ మెషీన్లు తెచ్చి పెట్టారు. వాటి వెనక వేడిగాలి గొట్టాలని సీలింగ్ పైకి తోశారని, ఆ వేడి పై అంతస్తుకి చేరిందని తర్వాత విచారణలో సాక్ష్యం వచ్చింది. పోయినవాళ్ళలో ఎక్కువమంది పై అంతస్తు వాళ్ళు. గొట్టం పెట్టినవాడు చెడ్డవాడని నేననుకోను. కింద ఉన్నవాళ్ళు అతనికి కనపడుతున్నారు. సీలింగ్ పైన ఏముంటుందీ అంటే దుమ్మూ వైర్లూ. అక్కడ ఎవరూ ఉండరు.

ఈ వార్త చదివిన రెండేళ్ళకే నేను సందులో యూనిట్ పెట్టాను. చదవడం వేరు.

2020 జూన్‌లో నాకొక ఫోన్ వచ్చింది. ఆవిడ. సందులో వ్యాను నిలిపినప్పుడు తలుపు మీద నంబరు రాసుకుందట, లైసెన్సు సరైనదేనా అని మనవరాలి చేత కంప్యూటర్లో చూపించిందట. ఆ నంబరుని పూర్తిగా చదివిన మొదటి మనిషి నాకు తెలిసి ఆవిడే. కిటికీ ఏసీ ఒకటి పెట్టాలి, మంచిది నువ్వే చూడు అంది. ఎందుకని నేనడగలేదు, ఆవిడ చెప్పలేదు. తూర్పు కిటికీ వద్దంది, పడమటి గదిలోకి మంచం మార్చుకుంటానంది. వెళ్ళి బిగించాను. కూలి వద్దంటే ఊరుకోలేదు, డబ్బు కవరులో పెట్టి, చిన్న కప్పులో చిక్కటి కాఫీ ఇచ్చి, నేను తాగేదాకా నిలబడింది. కరెంటు బిల్లు నెలకి ఎంతొస్తుందని అడిగింది. అంకె చెప్పాను. చేతి వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. బయటికొచ్చాక ఇంటి చుట్టూ తిరిగి పడమటి వైపు చూశాను. కొత్త ఏసీ వెనక భాగం ఇంకో సందులోకి ఉంది. ఆ సందుకి అవతల ఇంకో ఇల్లు, దాని వంటగది కిటికీ.

2023 జులైలో మానటీ బే అనే చోట సముద్రంలోని కొలత పరికరం 38.4 డిగ్రీలు చూపించింది. అది లోతు లేని మురికి నీటి మడుగు, దాన్ని సముద్రమంతటికీ లెక్క అనకూడదని శాస్త్రవేత్తలే అన్నారు. కానీ ఆ వేసవి పగడపు దిబ్బలు తెల్లబోయి చచ్చిన మాట నిజం. సముద్రంలో పెంచుతున్న పగడాల్ని వేలల్లో పైకి తీసి, నేల మీద నీటి వేడిని అదుపులో ఉంచే ట్యాంకుల్లో పెట్టారు. అంటే చివరికి సముద్రానికి కూడా ఒక ఏసీ గది కావాల్సొచ్చింది. ఆ ట్యాంకుల నీళ్ళు చల్లబరిచేది నా మెషీన్ల చుట్టమే. దానికీ ఒక వెనక వైపు ఉంటుంది, అదీ ఎక్కడికో ఊదుతుంది. నాకు తెలిసినవాళ్ళు ఈ మాట విని నవ్వుతారు. నేనూ నవ్వే చెబుతాను.

ఉప్పుగాలి ఊళ్ళో అవుట్‌డోర్ యూనిట్ ఆయుష్షు తక్కువ. అల్యూమినియం రెక్కలు ఏడెనిమిదేళ్ళకి చేత్తో ముట్టుకుంటే సున్నంలా రాలతాయి. ఉప్పు కాకపోతే బల్లులు. వెచ్చదనం కోసం కాంటాక్టరు పెట్టెలో దూరి, తాము పోతూ మెషీన్ని కూడా తీసుకుపోతాయి. బల్లి తల మీద పడితే ఏమవుతుందో భుజం మీద పడితే ఏమవుతుందో మన పంచాంగంలో ఉంది, కాంటాక్టరు మీద పడితే నాకు ఆదివారం కూడా పని అని మాత్రం లేదు. సందులో యూనిట్ ఈమధ్య సగం కూలింగే ఇస్తోంది, కాయిల్ అయిపోయింది. ఆర్-410ఏతో కొత్త సిస్టమ్‌లు 2025 నుంచి తయారు చేయకూడదు కాబట్టి మొత్తం మార్చాలి, కొత్త గ్యాసుతో. యజమాని మెసేజ్ పెట్టాడు: పాత చోటే కదా?

ఈసారి రెండు ధరలూ, కారణమూ కాగితం మీద పెట్టాలనుకున్నా. ముందు పక్కింటికి వెళ్ళాను. ఆవిడ ఇంకా వంగిపోయింది, కాఫీ మాత్రం అంతే చిక్కగా ఉంది. విషయం చెప్పాను. ఆ యూనిట్ పెట్టినప్పుడే ఇంకో చోటు ఉందని, నేను అడగాల్సినంత గట్టిగా అడగలేదని, ఇప్పుడు వెనక్కి జరిపిస్తానని. ఆవిడ కాసేపు నావైపు చూసి, ఏ కిటికీ అంది.

తూర్పు కిటికీ అన్నాను.

"అదా మిహో. పోయినేడు ఇంటికి రంగు వేయించినప్పుడు రెక్కలన్నీ కలిపి వేసేశారు. ఇక తెరుచుకోదు. జరిపినా జరపకపోయినా నాకొకటే."

లేచి వెళ్ళి చూశాను. ఆ గదిలో ఇప్పుడు అట్టపెట్టెలు, ఇస్త్రీ బల్ల. కిటికీ రెక్కల సందుల్లో తెల్ల రంగు గడ్డకట్టి ఉంది. గోటితో గీకితే ఊడలేదు.

ఆ రాత్రి ఎస్టిమేటు పంపాను. సందులో అయితే ఇంత, పెరట్లో అయితే ఇంత, పక్కింటావిడ పడకగది కిటికీ ఈ సందులోకే ఉంటుంది అని కింద ఒక లైను. గంటలో జవాబొచ్చింది. మర్యాదస్తుడే, ఒకటే ప్రశ్న అడిగాడు: ఆవిడ ఆ కిటికీ తెరుస్తారా?

తెరవరు అన్నది నిజం. రెండు రోజులు ఆ ఫోన్ పక్కన పెట్టే పనులు చేసుకున్నాను. మూడో రోజు, "నేను ఆ యూనిట్ పెట్టకముందు తెరిచేవారు" అని రాశాను.

ఇంకా జవాబు రాలేదు.